పార్టీ గుమ్మమును పాములపర్తివారును

పాములపర్తి వేంకట నరసింహారావుగారికి 2024 ఫిబ్రవరిలో భారతరత్న బిరుదము ప్రకటింపబడినది మొదలు వారిని పొగడుట మన పత్రికలకును సభలకును నొక వ్రతమైపోయినది. ఇరువదియేండ్ల క్రిందట వారి పేరెత్తుటకే జంకిన నోళ్లు నేడు వారిని ఋషితుల్యుని చేయుచున్నవి. పొగడ్తకు మేము విరోధులము కాము; పొగడదగిన గుణములు వారియందు పెక్కులు గలవు. కాని యీ పొగడ్తలలో నొక మోసము గలదు. ఒకరు వారి జీవితమునుండి 1991వ సంవత్సరమును కోసికొని తక్కినదానిని పారవైచుచున్నారు. ఒకరు తెలుగుబిడ్డ యను నొక్క మాటతో సరిపుచ్చుచున్నారు. మఱియొకరు కాంగ్రెసును కొట్టుటకు వారిని కఱ్ఱగా వాడుకొనుచున్నారు. ఇక కాంగ్రెసువారో, గొంతు సవరించుకొని మాట మార్చుచున్నారు. అర్ధశతాబ్దము తన పని చేసిన మనుష్యుని ఒక పార్టీ యేల భరింపలేకపోయినది? ఆ భరింపలేనితనమునకు ఆ మనుష్యుడే యెంతవఱకు తోడుపడినాడు? ఈ ప్రశ్నలను వీరిలో నెవ్వరును అడుగుటలేదు. కావున మేమడుగుచున్నాము.

జరిగినదానిని ముందు చెప్పుకొందము. నరసింహారావుగారు 2004 డిసెంబరు 23వ తేదీన ఢిల్లీలో మరణించిరి. వారు అయిదేండ్లు దేశమునకు ప్రధానమంత్రి. ఆ యేండ్లలోనే కాంగ్రెసునకు అధ్యక్షులును. అట్టివారి శవవాహనము అక్బరు రోడ్డులోని పార్టీ కార్యాలయము నెదుట నిలిచినది. గుమ్మము తెఱవబడలేదు. కొంతసేపు నిలిచి వాహనము సాగిపోయినది. 25వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరు గట్టున దహనము జరిగినది. మన పల్లెలలో పగవాని శవము పోవుచుండినను త్రోవ విడిచి నిలుతురు. నూఱేండ్లు దాటిన సంస్థకు ఆపాటి మర్యాద కొఱవడినది.

ఇందులో నింకొక విశేషము గలదు. ఆనాడు దేశము నేలుచుండినది కాంగ్రెసే. ప్రధానమంత్రి మన్మోహనసింగుగారు. వారిని 1991లో రాజకీయములలోనికి తెచ్చి ఆర్థికమంత్రిని చేసినది నరసింహారావుగారు. అంతేకాదు. ఆ మరణమునకు ఆఱువారములు ముందుగా, 2004 నవంబరు 8వ తేదీన హేగ్ నగరమున ఐరోపా సమాఖ్యతో భారతదేశము వ్యూహాత్మక భాగస్వామ్యమును కుదుర్చుకొన్నది. ఆ త్రోవకు తొలిరాయి వేసినది 1993 డిసెంబరు 20వ తేదీన బ్రస్సెల్సు నగరమున సంతకములైన సహకారపు ఒడంబడిక. అప్పటికి ఐరోపా సమాఖ్య పుట్టి రెండు నెలలైనను నిండలేదు. అనగా పార్టీ ఆయన వేసిన బాటను ఉంచుకొన్నది, ఆయన తెచ్చిన మంత్రిని ఉంచుకొన్నది, ఆయనను మాత్రము వీధిలో నిలిపినది. సిద్ధాంతము నచ్చక దూరము చేసిరను మాట దీనితో పొసగదు. నచ్చనిది సిద్ధాంతము కాదు, మనుష్యుడు.

ఆ సిద్ధాంతమును నిందించువారును తక్కువవారు కారు. పాశ్చాత్యులకు దాసుడైనాడనియు, స్వదేశివ్రతమును చెఱిపినాడనియు పార్టీలోనే కొందఱు ఆనాడు మూల్గిరి. 1991 జూన్ 21వ తేదీన ఆయన పదవి చేపట్టునప్పటికి విదేశములనుండి సరకు తెచ్చుకొనుటకు మనయొద్ద నుండిన ద్రవ్యము రెండు మూడు వారములకు మించి చాలదు. ముందటి ప్రభుత్వము మే నెలలో 20 టన్నుల బంగారమును అమ్మియుండెను. జులైలో మఱి 47 టన్నులు లండనులోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు నేలమాళిగకు తరలినవి. ఇల్లు గడవక పుస్తెలు కుదువపెట్టిన సంసారమెట్టిదో ఈ పత్రిక చదువు గృహిణులకు మేము చెప్పనక్కఱలేదు. ఆ నెల 1వ తేదీన, 3వ తేదీన రూపాయి విలువ తగ్గింపబడెను. 24వ తేదీన బడ్జెటుతోపాటు పారిశ్రామిక విధాన పత్రమును పార్లమెంటు ముందుంచిరి. కొలదిపాటి పరిశ్రమలకు దక్క తక్కినవానికి లైసెన్సు తొలగిపోయెను. ఆ సెప్టెంబరులో ఆయన జర్మనీకేగిరి. తరువాతి యేడు స్విట్జర్లండులోని దావోసులో ఐరోపా వర్తకులయెదుట ప్రసంగించిరి. దీనిని చూచియే ఆయనకు పాశ్చాత్యపక్షపాతియను పేరు పెట్టిరి. ఆయనే 1993లో చైనాతో సరిహద్దున శాంతికై ఒడంబడిక చేసికొనుటయు, తూర్పుదేశములవైపు తలుపు తెఱచుటయు ఈ నిందకులకు కనబడవు.

గోడలు కట్టుకొనుటయే స్వదేశాభిమానమని నమ్మువారు ఒక్కసారి మా ఖమ్మము భద్రాచలముల మన్యపు సరిహద్దునకు రావలెను. గోదావరి కావలియొడ్డున భద్రాచలము 1860లో నిజామునుండి ఇంగ్లీషువారి చేతికి పోయెను. ఈవలియొడ్డున పాల్వంచ, బూర్గంపాడు నిజామువారి క్రిందనే యుండెను. ఒకే భాష, ఒకే దేవుడు. నడుమ ఒక యేఱు, రెండు ప్రభుత్వములు. నిజామువారి సుంకమునకు కరోడ్‌గిరి యని పేరు. ఈయొడ్డున హాలీ రూపాయి, ఆయొడ్డున కల్దారు రూపాయి. మునిమాపు చింతపండో మిరపకాయయో పడవలో దాటించిన పేదవాడు సుంకరి కంటబడకుండ నుండుటకు పడిన పాట్లను ఏ దేశభక్తుడును పాడలేదు. ఆ సుంకము పోయెను, ఆ రూపాయి పోయెను, 1965లో వంతెనయు వచ్చెను. మా స్వత్వమేమియు కరగిపోలేదు. భద్రాచలము 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో మఱల గీత గీసినపుడు రాములవారి గుడి తెలంగాణమునను, పురుషోత్తపట్టణములోని స్వామివారి భూములు ఆంధ్రప్రదేశమునను పడినవి. గీతలు గీయుట చెఱుపుట చూచి చూచి పండిన కన్నులు మావి. ఫ్రాన్సు జర్మనీలు ఒక్క శతాబ్దిలో రెండుమార్లు ప్రపంచమును శ్మశానము చేసి, పిమ్మట 1995 మార్చి మొదలు సరిహద్దుల తనిఖీలనే యెత్తివేసినవి. దానిని చూచి ఒక తెలుగువాడు నేర్చుకొనవలసినది కలదని తలచుట దాస్యమగునా?

అయినను తెఱచిన తలుపుగుండ గాలియే కాదు, దుమ్మును వచ్చును. గనులకొఱకు మన్యములను ప్రయివేటు కంపెనీలకు కౌలుకిచ్చుట ఆ దశాబ్దములోనే పెచ్చుపెఱిగెను. 1997 జులైలో సుప్రీముకోర్టు సమతా సంస్థవారి వ్యాజ్యమున తీర్పు చెప్పి, షెడ్యూలు ప్రాంతములలో అట్టి కౌళ్లు చెల్లవనకపోయినచో కోయవారికిని కొండరెడ్లకును ఏమి మిగిలెడిదో తలచుకొనుటకే భయమగుచున్నది. తలుపు తెఱచినవాడు వాకిట కావలిని గూడ పెట్టవలెను. ఆ కావలిని నరసింహారావుగారు పెట్టలేదు.

ఈ మాట యనుటకు మాకు కష్టముగానున్నది. ఏలయన అదే నరసింహారావుగారు అంతకు ఇరువదియేండ్ల ముందు పేదవానికి భూమి కావలెనని తన పదవిని పోగొట్టుకొన్నవారు. ఆయన 1971 సెప్టెంబరు 30వ తేదీన ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రియైరి. స్వయముగా వంగర గ్రామపు భూస్వామికుటుంబమున పెరిగినవారు. అయినను భూపరిమితిని బిల్లుగా తెచ్చి శాసనసభచేత ఆమోదింపజేసిరి. తరి భూమి 10 మొదలు 27 ఎకరములు, మెట్ట 35 మొదలు 54 ఎకరములు. నేల తరగతినిబట్టి అంతకుమించి ఒక కుటుంబమునకు ఉండరాదు. ఆ చట్టము 1973లో మొదటి చట్టమై పుట్టెను. సరిగా ఆ జనవరిలోనే ముఖ్యమంత్రి పదవి ఊడెను.

ఊడుటకు పైకి చెప్పిన కారణము వేఱు. 1972 అక్టోబరు 3వ తేదీన ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. సర్కారుజిల్లాలలోను రాయలసీమలోను జై ఆంధ్ర యుద్యమము రగిలెను. విద్యార్థులకును చిన్నయుద్యోగులకును ఉండిన బాధ నిజమైనది. దానిని మేము కాదనము. కాని ఆ మంటలో కట్టెలు వేసిన పెద్దచేతులలో పలువురివి నూఱులకొలది యెకరములు గల చేతులని మా నిశ్చితాభిప్రాయము. భూసంస్కరణము తెమ్మని ఊరూర సభలలో గర్జించిన ఢిల్లీ పెద్దలు, తెచ్చినవానిని రక్షింపవలసివచ్చినపుడు చేయి దులుపుకొనిరి. చట్టము అమలునకు వచ్చినది 1975 జనవరి 1వ తేదీన. నడుమ రెండేండ్లు! తెలివిగల భూస్వామికి రెండేండ్లలో పంపకములు వ్రాసికొనుటకు, బంధువులపేర బదలాయించుటకు వ్యవధి చాలదా? నేడు భారతరత్నమును కీర్తించు నాయకులలో ఈ చట్టము పేరెత్తువానిని మేమింతవఱకు చూడలేదు. వారి సభలలో ముందు వరుసను కూర్చుండువారికి ఆ మాట రుచింపదు కాబోలు.

మా మన్యమున ఈ విషయము పుస్తకములలోనిది కాదు. 1970 నాటి మొదటి రెగ్యులేషను షెడ్యూలు ప్రాంతములలోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని శాసించినది. గిరిజనేతరుని స్వాధీనములో భూమి యున్నచో అది గిరిజనునియొద్దనుండి వచ్చినదే యని భావింపవలెననియు, కాదని ఋజువు చేయు భారము అనుభవించువానిదే యనియు చెప్పిన కట్టుదిట్టమైన శాసనమది. నరసింహారావుగారు గద్దెనెక్కకముందే, కాసు బ్రహ్మానందరెడ్డిగారి కాలమున వచ్చినది. కాగితమున అది సింహము. మన్యమున దానిని పిల్లిగా పెంచిరి. ఆ దశాబ్దములో భూమినిగూర్చి గట్టిగా మాటాడిన ముఖ్యమంత్రిని దింపివైచిన పార్టీ ఆ సింహమునకు మేత వేయునని ఎవరు నమ్ముదురు?

పాశ్చాత్యపక్షపాతియను నిందకు ఉపాధ్యాయులమగుటచేత మేమింకొక జవాబును చెప్పవలసియున్నది. ఉన్నతవిద్య తెలుగున సాగవలెనని 1968లో తెలుగు అకాడమీ నేర్పడుటకు కారకుడు విద్యామంత్రియగు నీయనయే. పల్లెబిడ్డలకు వసతితో చదువు చెప్పు తొలి గురుకుల పాఠశాల 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో వెలసినది. హరినారాయణ ఆప్టేగారి మరాఠీ నవలను 'అబల జీవితము' పేర తెనిగించిరి. వైధవ్యమున మన స్త్రీలు పడిన దుఃఖమును చూపిన యా గ్రంథమును ఎన్నుకొనుటయే ఆయన హృదయమును తెలుపును. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు'ను హిందీ చేసినదియు నాయనయే. ఆ నవల పాశ్చాత్యనాగరకతను ఎంతగా నిరసించునో చదువరులెఱుగుదురు! ఒకచేత దానిని, మఱియొకచేత బ్రస్సెల్సు ఒడంబడికను పట్టుకొన్న మనుష్యుని ఒక్క ముద్రతో ముగింపజూచువారి బుద్ధికి మేము జోహారు చేయుచున్నాము. ఆయన శతజయంతి 2021లో ముగిసెను. ఆ సంవత్సరముననే తెలుగు అకాడమీ బ్యాంకుడిపాజిట్లు సుమారు 64 కోట్ల రూపాయలు మాయమైనట్లు బయటపడెను. మఱుసటి యేడు తెలంగాణపు సర్కారుబడులలో ఇంగ్లీషు మాధ్యమమునకు నిర్ణయమైనది. విగ్రహమునకు దండ వేసి, పొత్తమును చెదలకిచ్చుట మన పద్ధతి.

ఇక ఆయన దోషములు. వీనిని దాచినచో మేమును ఆ దండల గుంపులో చేరినవారమగుదుము. 1984లో ఢిల్లీవీధులలో సిక్కులను చంపుచుండగా కేంద్రమున హోంమంత్రి యీయన. 1992 డిసెంబరు 6వ తేదీన బాబరీమసీదు కూలుచుండగా ప్రధానమంత్రి యీయన. రెండు దినములను గూర్చియు ఆయన పక్షమున ఎన్ని వాదములు చేసినను, అధికారము చేతనుండి అది కదలలేదను మాట మిగిలియే యుండును. అయితే డిసెంబరు 6వ తేదీ పాపమునంతయు ఒక్కని నెత్తిన వైచి తాము గంగలో మునిగిలేచినట్లు మాటాడు ఆనాటి సహచరులకు మా ప్రశ్న యొకటి. ఆ మంత్రివర్గము ఎవరిది? ఆయనను అందఱికంటె తీవ్రముగా ఖండించిన అర్జునసింగుగారు మంత్రిపదవిని విడిచినది 1994 డిసెంబరులో, అనగా రెండేండ్లకు. మనస్సాక్షికి అంత దూరము నడచుట కష్టమై యుండును.

ఆయన చేసిన యింకొక పని తక్కువమందికి జ్ఞాపకమున్నది. 1992 ఏప్రిలులో తిరుపతిలో కాంగ్రెసు మహాసభ జరిగినది. ఎంతోకాలమునకు కార్యవర్గమునకు ఓట్లతో ఎన్నికలు జరిపించి, పార్టీలో ప్రజాస్వామ్యమును మఱల తెచ్చిరను కీర్తి ఆయనకు దక్కినది. ఫలితములు వచ్చినవి, తనకు సరిపడనివారు నెగ్గిరి. వెంటనే హరిజనులును, గిరిజనులును, స్త్రీలును ఒక్కరును ఎన్నిక కాలేదు గదా యని, నెగ్గినవారందఱిచేత రాజీనామా చేయించి, తిరిగి తానే కార్యవర్గమును నియమించిరి. కారణము నీతియుక్తమైనది, ప్రయోజనము వేఱు. ఆనాడు తిరుపతిలో అధ్యక్షునిమాట శాసనముగా మిగిల్చినవారు, పన్నెండేండ్ల తరువాత అక్బరు రోడ్డు గుమ్మము ఒక్కరి కనుసన్నను బట్టి మూసియుండుటకు తామును ఒక ఇటుక పేర్చినవారే.

ఆయనకు పార్టీతో విరోధము నిజము. కాని ఆ విరోధమును నోటితో ఎన్నడును చెప్పలేదు. క్రొత్తపనినంతయు నెహ్రూగారి పేరుతోనే చేసిరి. లైసెన్సులను ఎత్తివేయుచు, ఇదంతయు పాత త్రోవకు కొనసాగింపే యనిరి. మౌనము ఆయన శాస్త్రము. 1996లో ఓడినపిమ్మట అధ్యక్షపదవి పోయెను, 1998లో పోటీకి టిక్కెట్టు నిరాకరింపబడెను. అప్పుడును ఆయన బహిరంగముగా తిరుగబడలేదు. తన కథను నవలగా వ్రాసి, అందును వేఱుపేర్ల చాటుననే నిలిచిరి.

దీనికి సరిగా ఎదురుగా నొక యింగ్లీషువానిని చూపెదము. కెన్నెత్ క్లార్కు బ్రిటనులో కన్సర్వేటివు పార్టీవాడు. 1970 మొదలు పార్లమెంటు సభ్యుడు. ఐరోపాతో కలసియుండుటయే తన దేశమునకు మేలని బాహాటముగా నమ్మినవాడు. ఆయన పార్టీ నానాటికి దానికి విరోధమైనది. 1993 మొదలు 1997 వఱకు ఆర్థికమంత్రిగా నుండెను. తరువాత మూడుమార్లు పార్టీ నాయకత్వమునకు పోటీచేసి మూడుమార్లు ఓడెను. ఐరోపాను గూర్చి ఒక్కమాట మార్చుకొని యుండినచో నెగ్గెడివాడేమో. ఐరోపాను వీడుటకు నోటీసిచ్చు బిల్లు 2017 ఫిబ్రవరిలో రాగా, ఆయన పార్టీలో దానికి వ్యతిరేకముగా ఓటు చేసినవాడు ఆయన యొక్కడే. 2019 సెప్టెంబరు 3వ తేదీన మఱల ధిక్కరింపగా, ఇరువదిమంది తోడివారితో గూడ ఆయనను పార్లమెంటరీ పక్షమునుండి వెలివేసిరి. కాని గమనింపుడు: పక్షము పోయినను స్థానము పోలేదు. సభ రద్దగువఱకు ఆయన తన బల్లమీదనే కూర్చుండి మాటాడెను. మఱుసటి యేడు ప్రభువుల సభకు ఆయనను పంపినది, వెలివేసిన ప్రధానమంత్రియే.

అట్టివాడు మనదేశమున బ్రతుకలేడు. ఈ మాట అలంకారమునకు చెప్పుటలేదు. 1985లో రాజ్యాంగమునకు పదవ షెడ్యూలును చేర్చిరి. పార్టీ విప్పునకు విరుద్ధముగా ఓటు చేసి క్షమింపబడని సభ్యుని సభ్యత్వమే పోవును. ఫిరాయింపులను ఆపుటకని దానిని తెచ్చిరి. ఆపినదా? 2018లో తెలంగాణ శాసనసభకు నెగ్గిన కాంగ్రెసువారిలో పండ్రెండుగురు 2019 జూన్‌లో అధికారపక్షమున విలీనమైరి; మూడింట రెండువంతులు గదా, చట్టము ఒప్పుకొన్నది. వారిలో మా మన్యపు నియోజకవర్గములవారును ఉండిరి. 2023 చివర ప్రభుత్వము మాఱగానే గాలియు మఱలెను. నిన్న పోగొట్టుకొన్నవారే నేడు చేర్చుకొనసాగిరి. అనగా టోకున అమ్ముడుపోవచ్చును, చిల్లరగా నోరు విప్పరాదు. ఒక గిరిజన సభ్యుడు పోడుభూమిని గూర్చి తన పార్టీబిల్లునకు ఎదురు ఓటు చేసినచో స్థానము పోవును. పదుగురితో గూడి పార్టీనే మార్చినచో మంత్రియగును.

విశ్వాసతీర్మానమునందు దక్క ఇతరత్ర సభ్యుని ఓటునకు ఈ శిక్ష తగదని దినేశ్ గోస్వామి సంఘము 1990లోనే చెప్పినది. అటు తరువాత నరసింహారావుగారు అయిదేండ్లు ఏలిరి, వాజపేయిగారు ఏలిరి, మన్మోహనసింగుగారు పదేండ్లు ఏలిరి, మోదీగారు 2014 మొదలు ఏలుచున్నారు. ఆ సిఫారసు నట్లే యున్నది. శతజయంతులు జరిపిన ప్రభుత్వమువారును, బిరుదమిచ్చిన ప్రభుత్వమువారును, గుమ్మము మూసిన పార్టీవారును ఈ యొక్క విషయమున ఏకగ్రీవముగా నున్నారు. మా మన్యమునకు ఓట్లకై వచ్చు అభ్యర్థులు ఏ జెండాతో వచ్చినను, నరసింహారావుగారి పటమును చూపక, ఆ సంఘపు సిఫారసునకు తాము అనుకూలురో ప్రతికూలురో చెప్పవలెనని మేము అడుగదలచితిమి. చదువరులును తమతమ యూళ్లలో అడుగుదురుగాక.